సిలావోస్ ఎక్కుడు

రియూనియన్ దీవిలో సిలావోస్ ఊరికి సైకిలు తొక్కేవాళ్లు నాలుగు వందల మలుపుల్ని తిట్టుకుంటూ నేరమంతా అగ్నిపర్వతం మీద మోపుతారు. నాకైతే అసలు దోషి వాన. లావా పేర్చిన కొండను చెక్కి గోడల్లా నిలబెట్టింది అదే. 1980 జనవరిలో హయసింత్ తుపానుకు ఈ దీవిలోనే కొమ్మెర్సన్ బిలం దగ్గర పదిహేను రోజుల్లో 6,083 మిల్లీమీటర్లు కురిసింది మరి! సైకిలువాడి ఊపిరి తీసే ఆ నిటారుతనమే పారిపోయిన బానిసలకు ఒకప్పుడు కోట. ఊరి పేరు కూడా ‘విడిచి వెళ్లని చోటు’ అనే మలగసీ మాట నుంచే వచ్చిందంటారు.

1932లో రోడ్డు పడ్డాక ఇంకా మారుమూల ఏమిటని అడగొచ్చు. నిజమే, అంతకుముందు డబ్బున్నవాళ్లు బోయీల భుజాల మీద వెళ్లేవారు. కానీ తుపాను గట్టిగా కొడితే కొండచరియలు ఆ రోడ్డునీ మూసేస్తాయి. పక్కనున్న మఫాట్ లోయకి ఈనాటికీ రోడ్డే లేదు. బరువైన సరుకులు హెలికాప్టర్‌లో దిగాల్సిందే.