మాస్టారి అంత్యస్మృతి

దేహాన్ని విడిచే వేళ జీవుడు దేనిని స్మరిస్తాడో దానినే పొందుతాడని భగవద్గీత అష్టమాధ్యాయం ఉపదేశిస్తోంది. భాగవతం ఇందుకు రెండు దృష్టాంతాలను చూపుతుంది. లేడిపిల్లపై మమకారంతో ప్రాణం విడిచిన భరతుడు లేడియై జన్మించాడు. కన్నకొడుకును పేరుపెట్టి పిలిచిన అజామిళుడు, ఆ పేరు నారాయణనామమే కావడం చేత యమపాశం నుండి విడివడ్డాడు. ఈ కథలు వింటూ పెరిగిన ఆస్తికుల ఇళ్లలో ఒక వేదన ఇప్పుడు తరచుగా వినవస్తోంది. జీవితమంతా భగవన్నామంతో గడిపిన పెద్దలు వార్ధక్యంలో మతిమరుపు వ్యాధికి లోనై, చివరకు ఆ నామాన్నే మరచిపోతే వారి గతి ఏమిటి?

కోనసీమలోని ఒక లంకగ్రామంలో, మూడు దశాబ్దాలకు పైగా ప్రాథమిక పాఠశాలలో బోధించిన ఒక ఉపాధ్యాయుని కుటుంబాన్ని ఈ ప్రశ్నే కలచివేసింది. ఊరివారికి ఆయన మాస్టారు, మనవలకు తాతగారు. తెల్లవారుజామున గౌతమిలో స్నానం, గట్టున సంధ్యావందనం, పిమ్మట బడి. మంగుళూరు పెంకుల కప్పు కింద రెండు గదులు, అయిదు తరగతులు. కొత్తగా చేరిన పిల్లవాడు ఏ ఇంటివాడైనా సరే, వాని చేయి తన చేతిలోకి తీసుకుని మొదటి అక్షరాలు తానే దిద్దించేవారు. ఆ పనిని మరొకరికి అప్పగించేవారు కారు. ఓనమాలు అనే మాట 'ఓం నమః' నుండి వచ్చినదనీ, అక్షరారంభమే ఒక నమస్కారమనీ తల్లిదండ్రులకు చెప్పేవారు.

ఏకాదశి సాయంత్రాలలో రామాలయంలో గీత చదివి తాత్పర్యం వివరించేవారు. అక్కడ కూడా ఆయన ఉపమానాలన్నీ బడిలోవే. దేహం నశించినా ఆత్మ నశించదని చెప్పవలసి వచ్చినప్పుడు, "పలక తుడిస్తే అక్షరం పోతుంది కాని, నేర్చిన చదువు పోదు కదా" అనేవారు. ఆ మాట అరుగు మీద కూర్చున్న రైతులకు సైతం సుబోధకంగా ఉండేది.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరి, దిగువనున్న లంకలను ముంచెత్తింది. ఊరంతా ఏటిగట్టు మీదికి చేరింది. మాస్టారు వెంట తెచ్చుకున్నవి రెండే వస్తువులు: పూజాపీఠంలోని సాలగ్రామం, బడి హాజరుపట్టీ. వాన కొంత తెరిపి ఇవ్వగానే గట్టు మీద నిలబడి పిల్లల పేర్లు పిలవడం ప్రారంభించారు. ఒక పేరుకు "ఉన్నానండీ" అని బదులు వస్తే తప్ప తరువాతి పేరుకు వెళ్లలేదు. ఒక పేరుకు బదులు రాలేదు. పడవవానిని బతిమాలి, ఆ కుటుంబం ఆవలి గట్టున క్షేమంగా ఉన్నదని కళ్లారా చూచి వచ్చి, ఆ పేరు ఎదుట గీత పెట్టి, అప్పుడు మిగిలిన పేర్లు పిలిచారు. ఆ సాయంత్రం తడి ఇసుకలో వేలితో రాసి ఎక్కాలు చెప్పారు.

ఆయన పెద్దకుమారుడు కూడా ఆ వరుసలో నిలబడి బదులు పలికినవాడే. బడిలో అతడు కూడా "మాస్టారూ" అనే పిలవాలి. "నాన్నగారూ" అన్న పిలుపు ఇంటి గడపకు లోపలనే. ఊరి పిల్లలందరికీ పంచగా మిగిలిన తండ్రి మాత్రమే తనకు దక్కాడన్న చిన్న కొరత అతనిలో పెద్దయ్యాక కూడా ఉండిపోయింది.

ఎనభై దాటిన తరువాత మాస్టారికి మరపు మొదలైంది. మొదట తిథివారాలు, పిదప బంధువుల పేర్లు. ఆచమనానికి చేయి చాచి, కేశవనామం వద్దనే ఆగిపోయి, అరచేతిలోని నీటిని చూస్తూ ఉండిపోయేవారు. చివరకు కుమారుని ముఖం కూడా జారిపోయింది. అతడు దగ్గరకు రాగానే, "ఏ తరగతి, బాబూ?" అని అడిగేవారు. "నేను మీ అబ్బాయినండీ, నాన్నగారూ" అని రోజూ చెప్పి, రోజూ దుఃఖపడి, ఒకనాడు అతడు, "మూడో తరగతండీ, మాస్టారూ" అన్నాడు. ఆ ముఖంలో ఎంతోకాలానికి వెలుగు వచ్చింది. "అయితే ఏడో ఎక్కం చెప్పు" అన్నారు. యాభై దాటిన కుమారుడు చేతులు కట్టుకుని ఏడో ఎక్కం అప్పజెప్పాడు. నాటి నుండి అది నిత్యకృత్యమైంది.

అంత్యదినాలలో బంధువులు మంచం చుట్టూ చేరి, "నారాయణా అనండి" అని పదే పదే కోరారు. ఆయన పెదవి కదలలేదు. వేలు మాత్రం దుప్పటి మీద నెమ్మదిగా కదిలేది. చూడవచ్చిన ఒక పూర్వవిద్యార్థి, పడవ నడుపుకునే వృద్ధుడు, ఆ వేలిని చాలాసేపు చూచి, "ఓనమాలు దిద్దుతున్నారండీ" అన్నాడు. అందరి కళ్లు చెమర్చాయి.

ఆ సూచన మధురమైనదే. అయితే మాస్టారి సద్గతికి ఆ వేలి కదలికయే ఆధారం కానవసరం లేదు. అటువంటి సూచన ఏదీ కనబడని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. గీత ద్వితీయాధ్యాయం చెప్పిన స్మృతిభ్రంశం కామక్రోధాల నుండి పుట్టిన పతనం. వ్యాధి వలన కలిగే మరపు అది కాదు. స్మృతి అంతఃకరణవృత్తి. దాని ఉనికిని, లేమిని కూడా ప్రకాశింపజేసే సాక్షిచైతన్యానికి ఏ లోపమూ లేదు. సుషుప్తిలో తన పేరును ఎరుగని మానవుడు ఆత్మను కోల్పోయినవాడు కానట్లే, వ్యాధిగ్రస్తుడు కూడా కోల్పోయినవాడు కాడు.

అంత్యస్మరణను గూర్చి చెప్పిన వెంటనే భగవానుడు, అందుచేత సర్వకాలములందు నన్ను స్మరించుమని అర్జునుని ఆజ్ఞాపించాడు. చివరి క్షణానికి సిద్ధత ఆ క్షణంలో కలిగేది కాదని దీని భావం. వరాహ చరమశ్లోకమని ప్రసిద్ధి పొందిన భగవద్వాక్యం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. దేహమనస్సులు స్వస్థంగా ఉన్నప్పుడు నన్ను తలచినవాడు, అంత్యంలో కొయ్యవలె, శిలవలె పడి ఉన్న వేళ, వానిని నేను స్మరిస్తాను, పరమగతికి నేనే చేరుస్తాను అని భూదేవికి స్వామి మాట ఇచ్చాడు. భక్తుని స్మృతి అలసిపోయినప్పుడు స్మరణభారాన్ని భగవంతుడే వహిస్తాడు. వరదలో బదులు పలకలేని పిల్లవాని పేరును మాస్టారు వదలిపెట్టలేదు. ఒక గ్రామోపాధ్యాయునికే అంతటి పట్టుదల ఉన్నప్పుడు, జగద్గురువు తన పట్టీలోని పేరును దాటిపోతాడా?

మరచిపోయిన పెద్దలను సేవించే సాధకులు గ్రహించవలసినది ఇదే. వారిని నామం పలకమని ఒత్తిడి చేయడం కంటె, వారి చెంత కూర్చుని మనమే పలకడం మేలు. వారు మనను ఏ పేరున, ఏ రూపాన గుర్తిస్తారో, ఆ పేరున, ఆ రూపాననే బదులు పలకడం కూడా పితృసేవయే. మన మనస్సు స్వస్థంగా ఉన్న ఈ దినాలే మనకు లభించిన స్మరణకాలం. నేటి జపాన్ని రేపటికి వాయిదా వేయరాదు.