పరిశోధకుడు లేని అపరాధ కథలు

మాకు భారత భాగవతములు చెప్పిన తండ్రిగారు అపరాధ పరిశోధక నవలలను గడప దాటనిచ్చెడివారు కారు. అత్తవారింటికి వచ్చిన పిదపనే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుని నవలలు, పాతపుస్తకముల అంగడినుండి, మా చేత బడినవి. పొయ్యిమీద పప్పు పొంగుచుండగా పుటలు త్రిప్పిన దినములు గలవు. కడపట దోషి దొరకును. చదువరికి సుఖనిద్ర పట్టును.

సోదరీమణులారా! పిమ్మట మావారు తమ పాఠశాలనుండి రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "ఆరు సారా కథలు" తెచ్చిరి. మన విశాఖపట్టణమనగానే 1933లో తెరచిన ఓడరేవును, ఉక్కు కర్మాగారమును చెప్పుదురు. ఇచ్చటనే న్యాయవాదిగా నుండిన శాస్త్రిగారు (1922–1993) కోర్టు వసారాను చూపిరి. మద్యనిషేధము, దొంగసారా, పోలీసులు, వకీళ్లు. నేరమున్నది, యుగంధరుడు లేడు. పట్టుకొన్నవారిని నమ్ముదమా, పట్టుబడినవారినా యని చదువరి తడబడును. ఇట్టి చీకటి కథలు స్త్రీలకు తగవందురు; మాకట్లు తోచలేదు.

"మాయ" యను కథలో ముత్యాలమ్మ సారా కేసున చిక్కిన స్త్రీ. ఆమె కొత్త వకీలుతో పలుకు మాటలకడ మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. ఆ యాస మా వాకిట నిత్యము వినునదే.

"ఇట్టి భాష పుస్తకమున కేలనమ్మా?" యని అత్తగారు విసుగుకొనిరి. ఒక పుట బిగ్గరగా చదివితిమి. "ఇది మన ఆకుకూరలదాని మాటేనే!" యనిరి. ముగించిన పిదప, "ఇంతకు నేరము చేసినదెవరే అమ్మాయీ?" యని యడిగిరి. కడపటి పుటలో అట్టి పేరేమియు లేదంటిమి. "అయితే రెండవది చదువు" మని వత్తులు చేయుచు కూర్చుండిరి.