వాన మన చేతిలో లేదు... గట్టు ఉంది!

ఉదయం ఆరున్నర. సత్యవేడులో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ ఆమె ఇంకా బస్సెక్కలేదు. మనసు మాత్రం అప్పుడే ఫ్యాక్టరీకి చేరిపోయింది. ‘ఇవాళ ఏమంటుందో!’

2008లో శ్రీసిటీ మొదలయ్యాక సత్యవేడు, వరదయ్యపాళెం పల్లెల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు ఫ్యాక్టరీల బాట పట్టారు. ఆమే అంతే. పాప స్కూలు ఫీజు ఆ జీతంతోనే. చిక్కల్లా పక్కన పనిచేసే మనిషితోనే. పొరపాటు ఎవరిదైనా సూపర్‌వైజర్ దగ్గర ఈమె పేరే చెబుతుంది. పలకరిస్తే మొహం తిప్పుకుంటుంది. టిఫిను పంచింది, పండక్కి బొరుగుండలు పట్టుకెళ్లింది, ‘నావల్ల తప్పేమన్నా జరిగిందా అక్కా’ అనీ అడిగింది. ఫలితం సున్నా. ఇంటికొచ్చినా అవే ఆలోచనలు. కోపమంతా పాప మీదే. ఓ రాత్రి ‘పని మానేస్తా నాయనా’ అనేసింది.

తండ్రి చెరువు కింద వరి పండించే రైతు. ‘కార్తీకంలో వాన పడేది మన చేతిలో ఉండాదామ్మా? గట్టు వేసుకునేది మన చేతిలో ఉండాది. అది చూసుకుంటాం’ అన్నాడు.

దాదాపు 1900 ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ బోధించిందీ ఇదే. ఆయన పుట్టుకతో బానిస. ఎదుటివారి తీరు మన అధీనంలో ఉండదనీ, దాన్ని మనమెలా తీసుకుంటామన్నదే మన అధీనంలో ఉంటుందనీ ఆయన మాట.

మర్నాటి నుంచి ఆమె గట్టు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎన్ని పీసులు చేసిందీ, ఎన్నింట్లో లోపం కనిపించిందీ టైముతో సహా నోటుబుక్కులో రాసుకుంది. నింద పడితే గొంతు పెంచకుండా పుస్తకం తెరిచి చూపించింది. మాటలు పని వరకే. గేటు దాటాక ఆ మనిషి ఊసెత్తకూడదని నియమం పెట్టుకుంది.

అలాగని అన్నీ భరించమని కాదు. హద్దు దాటితే పైవాళ్లకు రాసివ్వాల్సిందే. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండితీరాలి. ఫిర్యాదు చేయడం కూడా మన చేతిలో ఉన్న పనే.

మరి ఆ సహోద్యోగి మారిందా? లేదు. ఇప్పటికీ మొహం తిప్పుకునే ఉంటుంది. కాకపోతే సాయంత్రం ఆమెతోపాటు ఇంటిదాకా రావడం మానేసింది. హోంవర్కు పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చున్న పాపకు ఆ తేడా తెలుస్తూనే ఉంది.