రెండో గేరు

కారు కదులుతున్నంతసేపూ నడిపేవాడిదే. కదలనని మొండికేసిన నాడు మాత్రం వీధి అందరిదీ అవుతుంది.

సోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగు నేతపనివారి ఇళ్ళు ఎక్కువ. తాతముత్తాతల నాడు మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుంచి వలసవచ్చినవారు వీరు. 1998 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున అక్కడి ఒక సందులో ఒక తెల్లని మారుతి 800 కారు నిలిచి ఉంది. అది ఆ ఇంటివారిది కాదు. చద్దర్ల కార్ఖానాలో గుమాస్తాగా పనిచేసే ఆ ఇంటి కొడుకు, యజమానిని బతిమాలి ఒక్కపూటకని తెచ్చుకొన్నాడు.

ఆ రోజు వాళ్ళ నాయనకు కంటి ఆపరేషను. రెండు కళ్ళకూ మోతిబిందు. పుస్తకాల్లో శుక్లం అని రాస్తారు గాని ఆ వీధిలో ఆ మాట ఎవరూ అనరు. సుమారు నలభై కిలోమీటర్ల దూరంలోని అక్కల్‌కోటలో కంటి శిబిరం పెట్టారు. ఎనిమిది గంటలకు పేర్లు పిలుస్తారు. పలకనివాడు మళ్ళీ శిబిరం పెట్టేదాకా ఆగవలసిందే. కిందటేడు బస్సు ఆలస్యమై ముసలాయన అలాగే ఆగిపోయాడు. ఈసారికి కుడికన్ను పూర్తిగా మసకబారింది.

ఆరు గంటలకు కొడుకు తాళంచెవి తిప్పాడు. 'టక్' మని చిన్న చప్పుడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్. ఎదుటి ఎర్రదీపం వెలిగీ వెలగనట్లు మిణుకుమంది.

తప్పు తనదే. రాత్రి పెద్ద దీపాలు ఆర్పాడు గాని, కొత్తచెయ్యి కావడంతో స్విచ్చిని ఒక మెట్టు ముందే వదిలేశాడు. చిన్నదీపాలు నాలుగూ తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటి అయిదు వాట్లే! కాని నాలుగూ కలిసి 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతాయి. తొమ్మిది గంటల్లో అది దాదాపు పదిహేను ఆంపియర్-గంటలు. అంత చిన్న కారు బ్యాటరీలో పట్టేదే సుమారు ముప్పై అయిదు. సగం మిగిలింది కదా అనుకోవచ్చు. దీపానికైతే ఆ సగం చాలు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారుకు ఒక్క క్షణంలో వంద ఆంపియర్ల దాకా కావాలి. పాతబడిన బ్యాటరీ, అందులోనూ చలిపొద్దున, అంత ఇవ్వలేదు.

కొడుకుకు చెమటలు పట్టాయి. మొదటి బస్సు వెళ్ళిపోయింది. కారు చూస్తే పరాయిది.

వెనుక సీట్లో నుంచి ముసలాయన గొంతు వినిపించింది. "దీపం మిణుకుమంటున్నదా, మొత్తమే లేదా?"

"మిణుకుమంటున్నది, బాపూ."

"అయితే పానం ఉన్నది. నలుగురిని పిలువు. రెండో గేరు వెయ్యి."

ఆయన ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరు 1912లోనే కాడిలాక్ కార్లకు వచ్చింది. అయినా ఈయన మొదట్లో నడిపిన లారీలకు ముందువైపు ఇనుప హేండిలు దూర్చి తిప్పవలసి వచ్చేది. ఇంజను ఒక్కోసారి వెనక్కు తన్నేది. ఆయన కుడిమణికట్టు కొంచెం వంకరగా ఉండటానికి కారణం అదే.

ఏడో తరగతి చదివే మనుమరాలు వాకిట్లో నిలబడి వింటున్నది. "తాతా, మొదటి గేరుకు కదా బలం ఎక్కువ?" అని అడిగింది.

"రాట్నం చూసినవు కదా బిడ్డా! పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు ఎన్నో చుట్లు తిరుగుతది. ఇప్పుడు కారు చక్రమే పెద్ద చక్రం, ఇంజనే కదురు. మొదటి గేరులో ఇంజను మరీ ఎక్కువ చుట్లు తిరగాలె. అది మనుషుల రెక్కలతో కాదు. బండి కుదుపుతోటి ఆగుతది. మూడో గేరులో తేలికే, కాని ఇంజనుకు వేగం చాలదు."

ఈ ఉపాయం అన్ని కార్లకూ చెల్లదు. ఆటోమేటిక్ గేర్ల కార్లలో చక్రాలకూ ఇంజనుకూ మధ్య అటువంటి గట్టి లంకె ఉండదు. తోసినవారికి ఆయాసమే మిగులుతుంది. ఈనాటి కార్లలో పెట్రోలు పంపుకూ, లోపలి కంప్యూటరుకూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే వాటిని ఎంత తోసినా లాభం లేదు. అప్పుడు ఇంకో కారు బ్యాటరీ నుంచి తీగలు కలపడమే దారి. ఆ మారుతి పాతది, కార్బ్యురేటరుది. దానికి కావలసిందల్లా నిప్పురవ్వ పుట్టించేటంత కరెంటు, నలుగురు మనుషులు.

నలుగురికి బదులు ఆరుగురు వచ్చారు. రాత్రిపాళీ దిగిన పవర్‌లూమ్ కార్మికులు ముగ్గురు, మరాఠీ పాలవాడు, ఎదురింటి కన్నడాయన, ఆయన కొడుకు. పిల్లను పక్క అరుగు మీదికి ఎక్కించి, అందరూ వెనుకవైపు చేతులానించారు. "ఢకలా" అన్నాడు పాలవాడు. "నూక్రి" అన్నాడు కన్నడాయన. "నూకుండ్రి" అన్నారు మిగిలినవారు. కన్నడాయన మాట అర్థం చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

కారు పరుగందుకొంది. కొడుకు క్లచ్ వదిలాడు. కుదుపు వచ్చింది, ఇంజను మాత్రం పలకలేదు. కంగారులో తాళంచెవి తిప్పి ఉంచడమే మరిచాడు! నవ్వులు వినిపించాయి. వాటిలో పాలవాడిదే పెద్దది.

రెండోసారి తాళం సరిగానే ఉంది. కాని మూడో వీధిదీపం దాటాక భయంభయంగా, కొంచెం కొంచెంగా క్లచ్ వదిలాడు. కారు మూలిగి ఆగింది. తోసేవారికి రొప్పు వచ్చింది. ముందు ఇంకా నలభై గజాల సందే మిగిలింది, ఆ తరువాత మలుపు. టైము ఆరుంబావు దాటింది.

"కాలు ఒక్కసారే తియ్యాలె. ఇంజను పలకంగనే మళ్ళ తొక్కి, రేసు ఇయ్యి," అన్నాడు ముసలాయన. ఆ కళ్ళకు ముందున్న సందు కనబడదు. చక్రాల చప్పుడు వింటూ సీటు అంచు పట్టుకొని కూర్చున్నాడు. బండి నడక నుంచి పరుగులోకి వచ్చింది. కొడుకు కాలు వణుకుతున్నది.

"ఇప్పుడు!"

కొడుకు క్లచ్ వదిలేశాడు. కారు ముందుకు ముక్కు గుచ్చినట్లయి, ఒకసారి దగ్గి, గుర్రుమన్నది. వెనుక నీలిపొగ కమ్ముకొంది. పొగలో నుంచి ఆరుగురూ చేతులు దులుపుకొంటూ బయటపడ్డారు. ఆపి దండం పెడదామని కొడుకు బ్రేకు మీద కాలు వేయబోయాడు.

"ఆపకు! మొక్కులు వచ్చినంక. ఇంజను ఆగితే మళ్ళ మొదటికొస్తది."

పోయిన కరెంటును ఆల్టర్నేటరు కొంచెం కొంచెంగా నింపుకొంటూ రావాలంటే ఇంజను తిరుగుతూనే ఉండాలి. దారిలో టీ కోసమని కూడా ఆగలేదు. ఏడూ ముప్పావుకు అక్కల్‌కోట చేరారు. శిబిరం ముందు అప్పటికే పెద్ద వరుస ఉంది.

కొడుకు గబగబా దిగి తలుపు తెరిచాడు. ముసలాయన దిగలేదు.

"పల్లం ఎటున్నది?" అని అడిగాడు.

కారును వెనక్కు తిప్పించి, ముక్కు పల్లం వైపు పెట్టించి, చక్రాల కింద రెండు రాళ్ళు వేయించి, అప్పుడు కొడుకు భుజం పట్టుకొని వరుసలోకి నడిచాడు.