తులం బంగారం ఎక్కడ పుట్టింది?

మా కోటగిరి వైపు ఇంట్లో ఆడపిల్ల పుట్టిందంటే బంగారం లెక్క మొదలవుతుంది. పంట బాగా వచ్చిన ఏడు అర తులమో, తులమో కొని దాస్తాం. తొమ్మిదో తరగతి చదివే మా పాప కోసం మా అత్తమ్మ కూడా అలాగే కూడబెడుతున్నారు. పాపకు మాత్రం ఎన్ని తులాలో అక్కర్లేదు. బంగారం ఎక్కడ పుట్టిందో కావాలి. గనిలో దొరుకుతుందన్నాను. "గనిలకు ఎట్ల వచ్చింది మమ్మీ?" అంది. ఇద్దరం కూర్చుని చదివాం.

మన చెరకు తీపిలో ఉండే కార్బన్, ఆక్సిజన్ మామూలు నక్షత్రాల కడుపులో తయారైనవే. నక్షత్రం తేలికైన కేంద్రకాలను కలుపుతూ శక్తిని పుట్టిస్తుంది. ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఆ పని ఆగిపోతుంది. అక్కడినుంచి కలపాలంటే శక్తి రాకపోగా ఎదురు ఖర్చవుతుంది. బంగారం పుట్టాలంటే న్యూట్రాన్లు వరదలా వచ్చి పడాలి. కేంద్రకం వాటిని వెంటవెంటనే మింగాలి. వాటిలో కొన్ని ప్రోటాన్లుగా మారినప్పుడు బరువైన కొత్త మూలకం తయారవుతుంది.

అన్ని న్యూట్రాన్లు ఉండేది న్యూట్రాన్ నక్షత్రంలో. పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన గుండె అది. వెడల్పు సుమారు 20 కిలోమీటర్లే, బరువు మాత్రం సూర్యుడి కన్నా ఎక్కువ. అలాంటివి రెండు ఢీకొన్న కబురు 2017 ఆగస్టు 17న భూమికి చేరింది. అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో పరికరాలు ఆ గురుత్వ తరంగాలను పట్టుకున్నాయి. అది జరిగింది 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. తర్వాతి రోజుల్లో అక్కడి వెలుగు నీలం నుంచి ఎరుపుకు మారింది. బరువైన మూలకాలు పుట్టాయనడానికి అదే గుర్తు. 2019లో ఆ వెలుగులోనే స్ట్రాన్షియం జాడ కనిపెట్టారు. బంగారమంతా ఇలాగే వచ్చిందని శాస్త్రవేత్తలు అనడం లేదు. అరుదైన నక్షత్ర పేలుళ్ల వాటా ఎంతో ఇంకా తేల్చాల్సి ఉంది.

ఆ తేల్చే పని మనకు దగ్గరలోనే జరగబోతోంది. నాందేడ్ దాటాక, నాగనాథుడి గుడి ఉన్న ఔంఢా దగ్గర లైగో-ఇండియా కడుతున్నారు. నాలుగేసి కిలోమీటర్ల పొడవున రెండు చేతులు ఉంటాయి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దీనికి సుమారు 2,600 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది.

ఇది చదివినప్పటినుంచి పాప ఇంజనీరింగ్ వద్దు, ఫిజిక్స్ చదువుతానంటోంది. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల కోర్సు ఉందని తనే వెతికి చూపించింది. "ఆ చదువుకు కొలువు ఎప్పుడొస్తది?" అని మా ఆయన భయం. అది తీసిపారేసే భయం కాదు. పరిశోధన అంటే ఏళ్ల తరబడి చదువు. అత్తమ్మ అంతా విని ఒకటే మాట అన్నారు: "పెండ్లికని దాచిన. సదువుకు అక్కరొస్తే వద్దంటనా?"

మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు. దసరా సెలవుల్లో ఔంఢా దర్శనానికి పోదామని మాత్రం తనే అన్నారు.