మూడవ పీట

నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరి, ప్రధానోపాధ్యాయుడనై, 2019వ సంవత్సరమున విశ్రాంతి తీసికొంటిని. అంతకాలములో వేలకొలది పిల్లలకు పాఠములు చెప్పితిని. పిల్లల మనస్సు నాకు తెలిసినంతగా మరియొకరికి తెలియదని నాకు లోలోపల కొంత గర్వముండెడిది. ఆ గర్వమును పదేండ్ల బాలుడొకడు ఒక గోంగూర ముద్దతో అణచివేసెను. ఆ సంగతియే ఇప్పుడు చెప్పబోవుచున్నాను.

మా ఊరు పొన్నూరు. గుంటూరునుండి బాపట్లకు పోవు దారిలో నున్నది. చుట్టును కృష్ణ కాలువల నీటితో పండు వరిపొలములు. వరికోతలైన పిదప ఆ మాగాణులలోనే మినుములు, పెసలు పండును. పడమరగా పోయినచో నల్లరేగడి నేలలు, ప్రత్తి చేలు, మిరప తోటలు కనబడును. బియ్యము, పప్పు, కారము మూడును ముంగిటనే పండెడి సీమ మాది. ఇట్టిచోట అన్నము వద్దను పిల్లవాడుండునా యని మీకు తోచవచ్చును. ఉండును. వాడు మా మనుమడే.

గత వేసవి సెలవులకు మా కుమారుడు వానిని హైదరాబాదునుండి తెచ్చి మాయొద్ద విడిచి వెళ్ళెను. వాడు ఇష్టముతో తినునవి మూడే: బంగాళాదుంప వేపుడు, పెరుగన్నము, అంగడిలో పొట్లములు కట్టి అమ్మెడి కరకరలాడు తినుబండారములు. తక్కిన ప్రతి కూరమీదను వాడొక నేరము మోపును. బెండకాయ జిగురు, వంకాయ మెత్తన, దొండకాయకు రుచి లేదు, కాకరకాయ చేదు, గోంగూర పులుపు. వకీలువలె వాదించును గాని ముద్ద నోట పెట్టడు.

రెండు దినములు ఓర్చితిని. మూడవనాటి రాత్రి బడిలో మాటాడినట్లే గొంతెత్తి, “కంచములో నున్నది పూర్తియగువరకు లేవరాదు” అని ఆజ్ఞాపించితిని. ‘ఆకలి రుచి యెరుగదు’ అను సామెత నాకు అండగా నున్నదనుకొంటిని. వాడు కన్నీరు కుక్కుకొనుచు గోంగూర కలిపిన ముద్దను నోటిలో పెట్టుకొనెను; మ్రింగలేక ఉమిసివేసెను. తరువాత అరగంటసేపు తల వంచుకొని అట్లే కూర్చుండెను. తుదకు ఆకలితోనే నిద్రపోయెను. నా మాట చెల్లలేదు. వాని కడుపు నిండలేదు. వండిన అన్నము వృథాయయ్యెను.

ఆ రాత్రి నా భార్య వంటయిల్లు సర్దుకొని వచ్చి మెల్లగా ఇట్లు అడిగెను:

“ఏమండీ, మీరు బడిలో పాఠము చెప్పకుండనే పరీక్ష పెట్టెడివారా?”

“ఎన్నడును లేదు” అంటిని.

“మరి గోంగూరను గూర్చి వానికి ఒక్క పాఠమైనను చెప్పితిమా? అది చెట్టుననే యుండునో, తీగకు కాయునో కూడ వాడెరుగడు. చూడనిదానిని, ముట్టనిదానిని ఒక్కసారిగా నోట పెట్టుకొమ్మనినచో పసివాడెట్లు పెట్టుకొనును?”

నాయొద్ద జవాబు లేదు.

మరునాటి ఉదయము ఆమె వానిని వెంటబెట్టుకొని పెరటిలోనికి పోయెను. అక్కడ ఎఱ్ఱకాడ గోంగూర, తెల్లకాడ గోంగూర రెండును కలవు. “రెండింటిలో ఒక్కొక్క ఆకు నమిలి, ఏది ఎక్కువ పులుపో చెప్పుము, నాయనా” అనెను. తినుమని కాక చెప్పుమని అడిగినందున వాడు ఉత్సాహముగా నమిలి, “ఎఱ్ఱదే పులుపు!” అని తీర్పు చెప్పెను. “అట్లయిన నేడు తెల్లదే చేయుదము” అని ఆమె ఒప్పుకొనెను. ఆనాటి పచ్చడి ఏదియో నిర్ణయించినవాడు మా మనుమడే. ఆ క్షణముననే వాడు సగము దారికి వచ్చెనని నాకు తరువాత తెలిసినది.

వాడు ఆకు కోసి, కాడలు తుంచి, మూడు నీళ్ళలో కడిగి, బట్టపై పరచి నీడన ఆరబెట్టెను. ఎండుమిరపకాయలు తానే లెక్కపెట్టి ఆరు మాత్రమే ఇచ్చెను. పొయ్యిదగ్గరి పని నాయనమ్మది, చూచుట వానిది. ఆమె మెంతులు, ఆవాలు, మిరపకాయలు నూనెలో వేయించి తీసి, ఆ మూకుడులోనే ఆకు వేసెను. పళ్ళెమునిండ నున్న ఆకు చూచుచుండగనే మగ్గి గుప్పెడయ్యెను. “అంత ఆకు ఎక్కడికి పోయినది?” అని వాడు విస్తుపోయెను. ఆకులో నీరే ఎక్కువయనియు, వేడికి ఆ నీరు ఆవిరియై పోవుననియు నేను గడప బయటనుండియే చెప్పితిని. వంటయింటి గడప దాటుట నాకు అలవాటు లేదు. ఈ మాట గుర్తుంచుకొనుడు.

పచ్చడి రోటిలో నూరుచుండగా వాడు మిరపకాయ ముట్టిన చేతితో కన్ను నులిమికొని కేకవేసెను. కంటిని చల్లని నీటితో పలుమారు కడిగితిమి. కొంతసేపటికి మంట తగ్గెను. చేతుల మంట మాత్రము నీటితో తగ్గలేదు. నాయనమ్మ వానిచేతులకు నూనె పూసి, పిదప సబ్బుతో కడిగించెను. మిరపలో మంట పుట్టించు క్యాప్సైసిన్ అను పదార్థము నీటిలో దాదాపు కరగదు. నూనెలోను నేతిలోను కరగును. అందుచేతనే కారపు ముద్దలో నెయ్యి వేసికొందుము. నోరు మండినప్పుడు నీటికంటె పెరుగు మేలు చేయును. పుస్తకములో చదివినచో మరచిపోవునేమో గాని, చేయి మండి నేర్చిన యీ శాస్త్రమును వాడు మరచిపోడు.

మధ్యాహ్నము ఆ పచ్చడిని వాడు వ్రేలితో తాకి నాకి చూచెను. “ఉప్పు కొంచెము తక్కువైనది” అనెను. ఉప్పు వేసి, ఉల్లిపాయ ముక్కలు కలిపి, వేడి అన్నములో నేతితో పెట్టగా నాలుగు ముద్దలు తినెను. నిన్న ఉమిసినదానినే నేడు తానై తినెను.

ఇది మంత్రము కాదు. ఆ సెలవులలో వాడు కాకరకాయను మాత్రము ముట్టలేదు. అది వాని తప్పును కాదు. చేదును శంకించుట పసివారి నాలుకకు పుట్టుకతో వచ్చిన గుణము. ప్రకృతిలో విషపు మొక్కలనేకము చేదుగా నుండుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. క్రొత్త రుచిని పిల్లలు ఒప్పుకొనుటకు దానిని ఎనిమిది, పది మారులో, ఇంకను ఎక్కువగనో రుచి చూడవలసి వచ్చునని కూడ పరిశోధనలు తెలుపుచున్నవి. నేను మొదటిమారే జయము కోరితిని. ఒక్కనాటితో గుణింతము రాలేదని ఏ పిల్లవానినైన నేను కొట్టివేసియుంటినా?

నిజమునకు ఈ పాఠము నా చిన్ననాటనే నా యెదుట నుండెను. మా తండ్రిగారు మగపిల్లలను వంటయింటిలోనికి రానిచ్చెడివారు కారు. ఏటికొక్కనాడు, ఆవకాయ పెట్టెడి దినమున మాత్రము ఆ నియమము సడలెడిది. పిల్లలమందరము వరుసగా కూర్చుండి మామిడి ముక్కలను పొడిబట్టతో తుడిచెడివారము. తడి యున్నచో బూజు పట్టునని అమ్మ ఒక్కొక్క ముక్కను పరీక్షించెడిది. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీకి ఎత్తిన పిదప, కలిపిన బేసినులోనే వేడి అన్నము వేసి కలిపి మా చేతులలో ముద్దలు పెట్టెడిది. కన్నులవెంట నీరు కారుచుండినను వద్దనినవాడు లేడు. అది మేము పెట్టిన ఆవకాయ.

బడిలోను ఇట్టిదే చూచితిని. 2001వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము మేరకు, 2003 నుండి మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్నము వండిన అన్నము పెట్టుట మొదలాయెను. ఇంటియొద్ద పప్పు ముట్టని పిల్లలు బడి బంతిలో ప్రక్కవానిని చూచి పప్పన్నము తినుట నేను కన్నులార చూచితిని. 2024లో ఆంధ్రప్రదేశమున ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. కోనసీమయందలి లంకల గన్నవరములో వచ్చినవారికి లేదనక తన చేతితో వండి వడ్డించిన ఆ తల్లి 1909లో మరణించెను. జపాను దేశమున అనేక ప్రాథమిక పాఠశాలలలో పిల్లలే తెల్లని వస్త్రములు ధరించి తోటివారికి వడ్డింతురు. తిన్న పిదప వారే శుభ్రపరతురు. ఆహారమును గూర్చిన విద్యకై ఆ దేశము 2005లో ఒక చట్టమునే చేసికొనెను. వడ్డించువానికి అన్నపు విలువ తెలియునని ఆ దేశమును గుర్తించినది.

ఇక అసలు సంగతికి వత్తును. వారము దినములు గడచిన పిదప ఒక రాత్రి మా మనుమడు, “నేడు నేను వడ్డింతును, తాతయ్యా” అనెను. మా యింట నేటికిని నేలపై పీటలు వేసికొని భుజింతుము. నిత్యము రెండు పీటలు పడును. ఒకటి నాది, ఒకటి వానిది. ఆ రాత్రి వాడు మూడు పీటలు వేసెను.

“మూడవది ఎవరికిరా?” అంటిని.

“నాయనమ్మకు. వడ్డించుటకు నేనున్నాను గదా, ఆమె యెందుకు నిలుచుండవలెను?” అని, ఆమెవైపు తిరిగి, “నాయనమ్మా, నీవు ప్రతిదినము మేము తిన్న పిదప ఒంటరిగా ఎందుకు తిందువు? చల్లారిపోవును గదా” అనెను.

ఆమె నవ్వి, “నాకు అలవాటే నాయనా, మీరు తినుడు” అని గోడకు ఆనుకొని నిలుచుండెను. వాడు ఆమె చేయి పట్టి లాగి కూర్చుండబెట్టెను.

నేను కంచములోనికి చూచుచు కూర్చుంటిని. మా వివాహమై నలువది సంవత్సరములు దాటినది. ఇంట ఏ ఒక్క రాత్రియైనను ఆమె నా ప్రక్కన కూర్చుండి వేడి అన్నము తిన్నట్లు నాకు జ్ఞాపకము రాలేదు. మా అమ్మయు అట్లే అందరి తరువాత తినెడిది. కూర మిగులని దినములలో ఆమె మజ్జిగతోనే సరిపెట్టుకొనెడిదని, ఆమె పోయిన పిదప మా అక్కయ్య చెప్పగా వింటిని. విని బాధపడితిని గాని, ఇంటికి వచ్చి నా భార్యను మాత్రము ఒక్కనాడును “నీకేమి మిగిలినది?” అని అడుగలేదు.

మనుమనికి గోంగూర తెలియదు. నాకు వండినవారి ఆకలి తెలియదు. ఇద్దరి అజ్ఞానమునకును కారణమొక్కటే: వంటయింటి గడప దాటకపోవుట. వాడు పదేండ్లకే దాటెను. నాకు అరువది దాటవలసి వచ్చెను.

మరునాడు నేనును లోనికి పోయితిని. “మీకెందుకండీ ఈ శ్రమ?” అని ఆమె అడ్డుపడెను గాని నేను వినలేదు. మొదట అన్నము మాడ్చితిని. మనుమడు పకపక నవ్వెను. చిక్కుడుకాయలకు ఈనెలు తీయుట వాడే నాకు నేర్పెను. గురువు శిష్యుడాయెను. ఆ సెలవులలో మేము ముగ్గురము కూడి వండితిమి, కూడి తింటిమి. భోజనమువేళ వాని చదువును గూర్చి నేను మందలించుట మానితిని. మందలింపు లేనిచోట వాడు తానే తన బడి ముచ్చట్లు చెప్పసాగెను; ముచ్చట్ల నడుమ దొండకాయ కూడ ఎట్లో లోనికి పోయెను.

పిల్లలారా, మీలో ఈ మనుమనివంటివారు ఉండవచ్చును. మీకు నచ్చని కూరను నేడు మీచేతులతో కడుగుడు, తరుగుడు, అమ్మయొద్ద నిలిచి వండునప్పుడు చూడుడు. కత్తియొద్దను పొయ్యియొద్దను పెద్దల తోడు విడువకుడు. తరువాత ఒక్క ముద్ద రుచి చూడుడు. నచ్చకున్న మరియొకనాడు చూడుడు. దానికి తొందర లేదు. కాని, ఒక్క సంగతికి మాత్రము తొందర కలదు. ఈ రాత్రి భోజనమునకు కూర్చుండుటకు ముందు మీ యింట ఎన్ని పీటలు పడినవో లెక్కింపుడు.

సెలవులు ముగిసి మా మనుమడు హైదరాబాదు వెళ్ళిపోయెను. మా యింట ఇప్పుడును రెండు పీటలే పడుచున్నవి. రెండవది నా భార్యది. మూడవ పీట గోడకు ఆనించి యున్నది; వచ్చు సెలవులకై ఎదురు చూచుచున్నది.