గొడ్డలి భుజాన వేసుకుని.. గీలినార్‌కి!

ఆ దేశానికి వీసా అక్కర్లేదు. టికెట్టూ అక్కర్లేదు. కాకపోతే అతిథి మర్యాదలు మాత్రం ఆశించకండి. అడుగు పెట్టగానే చేతిలో చిన్న వల పెట్టి రొయ్యలు పట్టమంటారు. గొడ్డలి ఇచ్చి చెట్టు కొట్టమంటారు. ఆ కట్టెలతోనే నిప్పు రాజేసి ఆ రొయ్యలే కాల్చుకోవాలి. మొదటిసారి మాడిపోతే కంగారు పడకండి. అక్కడ అందరికీ మాడినవే!

గీలినార్.. అదీ ఆ దేశం పేరు. 'రూన్‌స్కేప్' అనే ఆన్‌లైన్ ఆటలోని లోకం అది. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని వేలాదిమంది ఒకేసారి అక్కడి ఊళ్లలో తిరుగుతుంటారు. ఒకరు కమ్మరి, ఒకరు జాలరి, ఒకరు మంత్రగాడు, ఇంకొకరు కత్తివీరుడు. మన విఠలాచార్య సినిమాలోకి మనమే పాత్రధారులమై దూరిపోయినట్టు!

ఇంగ్లండుకు చెందిన ఆండ్రూ గోవర్ తన సోదరుడు పాల్‌తో కలిసి దీన్ని తయారు చేశాడు. 2001 జనవరి 4న తలుపులు తెరిచారు. సీడీ కొనక్కర్లేదు, ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే చాలు, ఆట మొదలు. స్కూలు ల్యాబులో మూలనపడ్డ కంప్యూటర్‌లోనూ, గంటల లెక్కన డబ్బులు కట్టే నెట్ సెంటర్‌లోనూ నడిచేది. దాని విజయ రహస్యం సగం అక్కడే ఉంది. తర్వాత్తర్వాత బ్రౌజర్లు జావాని వదిలేయడంతో ఆటకి సొంత ప్రోగ్రామ్ వచ్చింది. 2018 నుంచి ఫోన్‌లోనూ ఆడుతున్నారు.

ఇప్పుడు గీలినార్‌లు రెండున్నాయి. 2012లో పోరాట పద్ధతిని కంపెనీ పూర్తిగా మార్చేయడంతో పాతకాపులు చాలామంది అలిగి వెళ్లిపోయారు. ఆ గొడవ నడుస్తుండగా 2007 ఆగస్టు నాటి ఆట కాపీ ఒకటి దొరికింది. 'పాత ఊరు మళ్లీ కావాలా?' అని ఓటింగు పెడితే దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. అలా 2013 ఫిబ్రవరి 22న 'ఓల్డ్ స్కూల్' పేరుతో పాత దేశం మళ్లీ తెరుచుకుంది. ఇప్పటికీ అక్కడ ముఖ్యమైన మార్పేదైనా చేయాలంటే జనం ఓటేయాల్సిందే. మన ప్రయాణం అక్కడికే.

వంటవాడి కష్టం

శిక్షణ దీవిలో పాఠాలు పూర్తయ్యాక లంబ్రిడ్జ్ అనే ఊళ్లో తేలతారు. ఏటి ఒడ్డున కోట. ఆవుల పొలం, కోళ్ల దొడ్డి, చర్చి, ఓ చిన్న కొట్టు. సంచిలో 28 వస్తువులే పడతాయి. అది నిండితే కోట పై అంతస్తులో ఉన్న బ్యాంకుకి వెళ్లి దాచుకోవాలి. పరుగెత్తితే ఆయాసం వస్తుంది కాబట్టి చాలా దూరం నడకే.

కోటలోకి వెళ్లగానే వంటగది చూడండి. వంటవాడు నెత్తిన చేతులు పెట్టుకుని ఉంటాడు. దొరగారి పుట్టినరోజుకి కేకు చేయాలి. గుడ్డు, పాలు, పిండి తేవడం మర్చిపోయాడు. కొలువు ఊడుతుందేమోనని భయం. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది చేసే మొదటి సాయం ఇదే.

గుడ్డు కోళ్ల దగ్గర దొరుకుతుంది. బకెట్ పట్టుకెళ్లి పాడి ఆవు దగ్గర పాలు పితుక్కోవాలి. అసలు పనంతా పిండి దగ్గరే. చేలోకి దిగి గోధుమలు కోయాలి. పక్కనే ఉన్న గాలిమర పై అంతస్తుకి మెట్లెక్కి మోసుకెళ్లాలి. గింజల్ని తొట్టిలో పోసి మీట లాగాలి. మళ్లీ కిందికి దిగొచ్చి కుండలో పిండి నింపుకోవాలి. కిరాణా కొట్లో ప్యాకెట్ కొనుక్కొచ్చే మన పిల్లలకి గోధుమకీ పిండికీ మధ్య ఉన్న ఆ మెట్లు ఎక్కించిన ఆట ఇది! కేకు ఇచ్చాక వచ్చే బహుమతి చిన్నదే. ఈలోగా ఊరంతా పరిచయమైపోతుంది, లాభం అదీ.

ఆ దేశంలో ప్రతి పనికీ ఒక లెక్క ఉంది. చెట్టు కొడితే కొట్టడంలో అనుభవం, చేప పడితే పట్టడంలో అనుభవం పెరుగుతుంది. 2025 నవంబరులో నౌకాయానం చేరాక విద్యలు మొత్తం 24 అయ్యాయి. ఒక్కో విద్యలో చివరి మెట్టు 99. దానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92కి చేరగానే 'వచ్చేశాం' అనుకుంటారు.. కానీ అది సరిగ్గా సగం దారి! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారే.. ఇక్కడ కూర్చుని చెట్లు కొట్టేవాళ్లదే రాజ్యం. డ్రేనార్ అనే పల్లెలో నీటి ఒడ్డున విల్లో చెట్ల కింద నిలబడి గంటలకొద్దీ కొడుతూ, ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లాడుకుంటూ పెరిగిన తరం ఒకటుంది. నన్నడిగితే ఈ దేశంలో కత్తియుద్ధాల కన్నా ఆ చెట్ల కింది రచ్చబండే బాగుంటుంది.

నల్ల మంత్రగాళ్లు.. తెల్ల అబద్ధాలు

లంబ్రిడ్జ్‌కి ఉత్తరాన వరాక్ మహానగరం. మ్యాప్ చూసి 'ఇదేగా దగ్గరి దారి' అని తిన్నగా నడిచారో.. నగరానికి కాస్త ముందు రాళ్ల వలయంలో నల్ల మంత్రగాళ్లు కాచుకుని ఉంటారు. కొత్తవాళ్ల పని నిమిషంలో పూర్తి! చచ్చిపోతే మళ్లీ లంబ్రిడ్జ్‌లోనే కళ్లు తెరుస్తారు. ఖరీదైన మూడు వస్తువులు మీతోనే ఉంటాయి. మిగతా సామాను సమాధి దగ్గర 15 నిమిషాలే ఉంటుంది, పరుగున వెళ్లి తెచ్చుకోవాలి.

వరాక్‌లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే సంత ఉంది. మీరు కొట్టిన కట్టెలకి ధర రాసి పెడితే, ఎక్కడో ఉన్న ఇంకొకరు కొనుక్కుంటారు. మంత్రగాళ్ల కన్నా ప్రమాదకరమైనవాళ్లు తిరిగేదీ సంత చుట్టూనే. 'నీ డబ్బు ఇవ్వు, రెట్టింపు చేసిస్తా' అంటాడొకడు. 'నీ కవచానికి బంగారు అంచు వేసిస్తా, ఒకసారి ఇలా ఇవ్వు' అంటాడు మరొకడు. ఇవ్వగానే మాయం! పాస్‌వర్డ్ టైప్ చేస్తే చుక్కలుగా కనిపిస్తుందంటూ పిల్లల చేతే చెప్పించుకున్న ఘనులూ ఉండేవారు. పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని ఈ మాటలొక్కసారి చెప్పండి. 13 ఏళ్లు నిండినవాళ్లకే ఆటలో ప్రవేశం అన్నదీ గుర్తుంచుకోండి. ఉచితంగా తిరగగలిగే ప్రాంతం కొంతే, మిగతా దేశం చూడాలంటే చందా కట్టాలి. మొదటి నెల ఆ జోలికి వెళ్లక్కర్లేదు. ఉచిత భాగమే చాలా పెద్దది.

కందకం అవతల

వరాక్ దాటి ఇంకా ఉత్తరానికి వెళితే ఒక కందకం అడ్డొస్తుంది. దాటేముందు హెచ్చరిక వస్తుంది. అవతల చట్టం లేదు. మీ స్థాయికి దగ్గరగా ఉన్న ఆటగాళ్లు మిమ్మల్ని చంపి సామాను పట్టుకుపోవచ్చు. ఆ బీడులో ఆకుపచ్చ డ్రాగన్లు ఉంటాయి. వాటి తోలుకీ ఎముకలకీ సంతలో మంచి ధర.

2017 ప్రాంతంలో ఆ డ్రాగన్ల దగ్గర కొత్త జనం కనిపించారు. వాళ్లు వెనిజులావాళ్లు. ద్రవ్యోల్బణంతో అక్కడి కరెన్సీ చిత్తుకాగితమైపోయిన రోజులు. పాత కంప్యూటర్ ముందు కూర్చుని రోజంతా డ్రాగన్లని చంపి, ఆటలోని బంగారాన్ని బయటివాళ్లకి డాలర్లకి అమ్మేవారు. అలా వచ్చేది అక్కడి కనీస వేతనం కన్నా ఎక్కువే. ఆట బంగారాన్ని అసలు డబ్బుకి అమ్మడం నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఖాతా పోతుంది. మిగతా ఆటగాళ్ల కోపం అదే. వాళ్లని ఎలా గుర్తుపట్టాలో, ఎలా వేటాడాలో వివరిస్తూ 2017లో ఒకరు ఏకంగా గైడే రాశారు. దానిపై పెద్ద దుమారమే రేగింది. నిబంధన నిబంధనే, కాదనలేం. కానీ చచ్చి లంబ్రిడ్జ్‌లో లేచిన ఇద్దరిలో ఒకరికి పోయింది పది నిమిషాల సరదా, ఇంకొకరికి ఆ పూట కూలి. తెరమీద చూస్తే ఇద్దరి బొమ్మా ఒకేలా ఉంటుంది. 2019 మార్చిలో వెనిజులా అంతటా రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఆ కూలీ లేకుండా పోయింది.

కందకం దాకా వెళ్లి చూడాలనుకుంటే సంచి బ్యాంకులో ఖాళీ చేసి వెళ్లండి. దాటకుండా తిరిగొచ్చినా ఎవరూ నవ్వరు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం వరాక్ తూర్పు గేటు నుంచి దిగి ఆవుల పొలం మీదుగా నడవండి. కాస్త చుట్టుదారే, కానీ మంత్రగాళ్లు తగలరు.